గోడ కట్టాం, నుయ్యి మాత్రం ఒకటే

పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, ఈ క్లాసు మూడు వేల లైన్లుంది. స్క్రోల్ చెయ్యలేక చస్తున్నా. మెథడ్సన్నీ విడదీసి నాలుగైదు ఫైళ్ళలో సర్దేస్తే ఎవరన్నా ఏమన్నా అంటారా?" అని అడిగాడు.

"సర్దెయ్, ఎవరేమంటారు" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే మూడేళ్ళ క్రితం అచ్చంగా ఇదే ప్రశ్న నాకు నేనే వేసుకుని, ఇదే సమాధానం నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత జరిగింది మాత్రం అంత గర్వంగా చెప్పుకునేది కాదు. అయినా చెప్తాను. జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళలో ఈ పని చెయ్యనివాళ్ళు తక్కువ కదా, ఒక్కరికి పనికొచ్చినా మంచిదే.

అప్పట్లో నేను వేరే కంపెనీలో ఉండేవాణ్ణి. మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. బ్రౌజర్లో నడుస్తుంది. దాంట్లో 'బిల్' అని ఒక క్లాసు. పేరు చూసి చిన్నదనుకునేరు.. నాలుగు వేల లైన్ల పైచిలుకు. డిస్కౌంటూ అందులోనే, చెల్లింపులూ అందులోనే, వాపసు తీసుకున్న మందుల లెక్కా అందులోనే, ఆఖరికి ప్రింటరుకి పంపే కాగితం వెడల్పు కూడా అందులోనే! నాకంటే ముందు ముగ్గురు దాన్ని పెంచి పెద్దచేసి, ముగ్గురూ ఉద్యోగాలు మారిపోయారు. నాలుగోవాణ్ణి నేను. ఇద్దరు ఒకేసారి ఆ ఫైలు ముట్టుకుంటే చాలు, మెర్జ్ చేసేటప్పుడు యుద్ధమే.

దాంతో ఒక శనివారం కూర్చుని దాన్ని ముక్కలు చేద్దామని డిసైడయ్యాను.

ఇక్కడ కొంచెం టెక్నికల్ సోది తప్పదు. తెలిసినవాళ్ళు ఈ రెండు పేరాలు దాటేసుకోండి. నాలాగా కాలేజీలో జావా బట్టీపట్టి వచ్చినవాళ్ళకి ఒక క్లాసుని రెండు ఫైళ్ళలో రాయడమన్న ఆలోచనే రాదు, ఆ భాష ఒప్పుకోదు కాబట్టి. సీ షార్ప్‌లో కుదురుతుంది. 2005లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచీ 'పార్షియల్ క్లాస్' అని ఉంది. ముక్కలన్నిటినీ కంపైలరే కలిపి కుడుతుంది. అదే మెథడ్ని రెండు ముక్కల్లోనూ రాశారనుకోండి, అక్కడే ఆపి నిలదీస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అలాంటి ఏర్పాటు లేదు. అయితే ఇంకో దారి ఉంది. బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో రాసిన ఈ భాషలో మొదట క్లాసులే లేవు, ప్రోటోటైపులే. 2015లో వచ్చిన 'క్లాస్' అనే మాట ఆ ప్రోటోటైపు మీద తొడిగిన చొక్కా. లోపల మెథడ్సన్నీ ప్రోటోటైప్ అనే ఒకే ఒక్క ఆబ్జెక్టులో కూర్చుని ఉంటాయి. దాంట్లోకి ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కణ్ణుంచైనా కొత్త మెథడ్ని తెచ్చి పెట్టొచ్చు.

అదే వాడుకున్నాను. డిస్కౌంట్ మెథడ్సన్నీ ఒక ఫైల్లో ఒక ఆబ్జెక్టుగా రాసి ఎక్స్‌పోర్ట్ చేశాను. అలాగే చెల్లింపులకొకటి, వాపసులకొకటి, ప్రింటింగుకొకటి. అసలు క్లాసున్న ఫైలు చివర 'ఆబ్జెక్ట్ డాట్ అసైన్' అని ఒక లైను. మొదట బిల్ ప్రోటోటైపు, దాని వెనక కామాలు పెట్టి ఈ నాలుగు ఆబ్జెక్టుల పేర్లు. ఆ లైను నాలుగు ఆబ్జెక్టుల్లోని మెథడ్స్‌నీ వరసగా ప్రోటోటైపులోకి కాపీ చేసేస్తుంది. అంతే! నాలుగు వేల లైన్ల ఫైలు ఆరొందల లైన్లకి దిగింది.

నిజం చెప్పాలంటే భాష నన్ను ముందే హెచ్చరించింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మొదటిది, ఒక గెట్టర్ పనిచెయ్యడం మానేసింది. ఎందుకా అని చూస్తే ఈ అసైన్ గెట్టర్ని గెట్టర్‌గా కాపీ చెయ్యదు, దాన్ని అక్కడే నడిపించి వచ్చిన విలువని కాపీ చేస్తుంది. అప్పటికి బిల్లే పుట్టలేదాయె, ఇంకేం విలువొస్తుంది! సరే, దాన్ని మామూలు మెథడ్‌గా మార్చాను. రెండోది, ఒక మెథడ్ 'సూపర్' అని తన తల్లి క్లాసుని పిలుస్తోంది. క్లాసు బయట ఉన్న ఆబ్జెక్టులో రాస్తే ఆ సూపర్ వెతికేది మన తల్లి క్లాసులో కాదు, తను పుట్టిన ఆబ్జెక్టుకి పైనున్న దాంట్లో. అక్కడ మన మెథడ్ ఉండదు. దానికీ ఏదో కట్టు కట్టాను. మూడోది, హాష్ గుర్తుతో మొదలయ్యే ప్రైవేట్ ఫీల్డులు రెండుండేవి. వాటిని క్లాసు బ్రాకెట్ల బయట నుంచి తాకితే అది సింటాక్స్ ఎర్రరే. నేనేం చేశానో తెలుసా? హాష్ తీసేసి అండర్‌స్కోర్ పెట్టాను. అంటే తాళం ఊడబీకి, తలుపు మీద "దయచేసి లోపలికి రావద్దు" అని కాగితం అంటించానన్నమాట.

ఆ మూడూ ఒకటే మాట చెప్తున్నాయి, "బాబూ, ఇవన్నీ ఒక్క ఇంట్లోవే, నువ్వు చేస్తున్నది విడదీయడం కాదు" అని. నాకెక్కడ వినిపిస్తుంది! సోమవారం డెమో ఇచ్చాను. ఫోల్డరు తెరిచి చూపిస్తే చక్కగా నాలుగు ఫైళ్ళు, నాలుగు పేర్లు. మేనేజర్ గారు "ఇన్నాళ్ళకి ఒకడు ఇల్లు సర్దాడయ్యా" అన్నారు. ఆ వారమంతా నేను నేలమీద నడవలేదు.

అందులో ఒక చిన్న పొరపాటు చేశాను. అప్పట్లో అది పొరపాటుగా కూడా కనపడలేదు. పైసల్ని రెండు దశాంశాలకి సరిచేసే 'రౌండ్' అనే బుల్లి మెథడ్ ఒకటుండేది. డిస్కౌంట్ వాళ్ళూ దాన్నే పిలుస్తారు, ప్రింటింగ్ వాళ్ళూ దాన్నే పిలుస్తారు. మరి ఏ ఫైల్లో పెట్టాలి? ఏ ఫైలుకా ఫైలు సొంతంగా ఉంటే బాగుంటుందని రెండింటిలోనూ పెట్టాను. మూడు లైన్లేగా, పోయేదేముంది అనుకున్నాను. ఇక్కడే పప్పులో కాలేశాను.

ఫైళ్ళు రెండు. ప్రోటోటైపు ఒకటి. దాంట్లో 'రౌండ్' అనే పేరుకి ఉన్న చోటూ ఒకటే. అసైన్ లైన్లో ఎవరి పేరు చివర ఉంటే వాళ్ళ రౌండే మిగులుతుంది, ముందు వచ్చినది చప్పుడు లేకుండా పోతుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. చివర ఉన్నది ప్రింటింగ్. రెండు కాపీలూ అక్షరం తేడా లేకుండా ఒకటే కాబట్టి ఆర్నెల్లపాటు ఏ గొడవా లేదు.

ఇంకో సంగతి. అదే క్లాసు ఒకే ఫైల్లో ఉండుంటే, ఒకే పేరుతో రెండు మెథడ్లు కనపడగానే ఈఎస్‌లింట్ పట్టుకునేది. దానికోసమే ఒక రూల్ ఉంది, మా ప్రాజెక్టులో ఆన్‌లోనే ఉంది కూడా. కానీ అది చూసేది ఒక క్లాసు బ్రాకెట్ల లోపలే. నేను మెథడ్స్‌ని బ్రాకెట్లు దాటించి కాపలావాడి కళ్ళకి గంతలు కట్టాను.

ఆర్నెల్ల తర్వాత మా టీమ్‌లో ఒక ఫ్రెషర్ అమ్మాయి చేరింది. ప్రొబేషన్‌లో ఉంది. మొదటి వారాల్లోనే తనకొక చిన్న పనిచ్చారు. ప్రింటయిన బిల్లు మీద పైసలొద్దు, పూర్తి రూపాయలే కనపడాలి అని క్లయింటు అడిగారు. ఆ అమ్మాయి ప్రింటింగ్ ఫైలు తెరిచింది. రౌండ్ అని ఒక మెథడ్ కనపడింది. రెండు దశాంశాలని సున్నా చేసింది. ప్రింట్ తీసి చూసుకుంది, బ్రహ్మాండంగా వచ్చింది. నాకు రివ్యూకి పంపింది.

నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే చూశానండీ! ఈ మార్పు డిస్కౌంట్ లెక్కని ఏమన్నా చేస్తుందా అని డిస్కౌంట్ ఫైలు కూడా తెరిచి చూశాను. దాని రౌండ్ దానికుంది, రెండు దశాంశాలతో నిక్షేపంలా ఉంది. ఓకే కొట్టేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. ఎందుకు పాసవ్వవు, మా టెస్టుల్లో మందులన్నీ వంద రూపాయలు, రెండొందల రూపాయలు, డిస్కౌంటు పది శాతం! ఏ రౌండ్ వాడినా అదే జవాబు.

షాపుల్లో మందులు వంద రూపాయలుండవు కదా. పద్దెనిమిది రూపాయల నలభై పైసల మాత్రల మీద పది శాతమంటే ఒక రూపాయి ఎనభై నాలుగు పైసలు. మా సాఫ్ట్‌వేర్ రెండు రూపాయలు తగ్గించింది. ముప్ఫై నాలుగున్నర రూపాయల సిరప్ మీద మూడు నలభై అయిదు తగ్గించాల్సింది మూడే తగ్గించింది. ఒక్కో బిల్లులో తేడా పైసల్లోనే. కానీ రాత్రి షాపు కట్టేసేటప్పుడు క్యాష్ లెక్కకీ, వాళ్ళ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లెక్కకీ పొంతన లేదు. కౌంటర్లో కూర్చునే కుర్రాళ్ళని ఓనర్లు "డబ్బులేం చేశార్రా" అని అడిగారట. శుక్రవారం రిలీజు, సోమవారం పొద్దున్నే కాల్.

ఆ కాల్ నేను మర్చిపోలేను.

గిట్‌లో చూస్తే చివరి మార్పు ఆ అమ్మాయి పేరు మీద ఉంది. మేనేజర్ గారు అడిగారు, "డిస్కౌంట్ లెక్క ఎందుకు మార్చావమ్మా?" అని. "నేను ప్రింటింగ్ ఫైలే మార్చాను సర్, డిస్కౌంట్ ఫైలు అసలు ముట్టుకోలేదు" అంది. "ముట్టుకోకుండా దానంతటదే మారిందా?" అన్నారాయన. ఎవరో నవ్వారు.

ఆ ముక్క వినగానే నాకు వెలిగింది. అసైన్ లైను తెరిచి చూశాను. వరసలో చివర ప్రింటింగ్. రెండు నిమిషాల్లో మొత్తం అర్థమైపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆ అమరిక నాది, ఓకే కొట్టిందీ నేనే. నేను మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్ తియ్యాలి.. తియ్యలేదు. "ఇంకోసారి జాగ్రత్తగా ఉంటాను సర్, సారీ" అని ఆ అమ్మాయి అంటుంటే విన్నాను. కాల్ అయ్యాక గంటలో ఫిక్స్ చేసి పంపాను. అందరూ నాకు థాంక్స్ చెప్పారు కూడా! టీ తాగడానికి వెళ్ళాను, అది గొంతు దిగలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక మెసేజ్. "అన్నా, ఆ రెండు ఫైళ్ళూ పొద్దున్నుంచీ చూస్తున్నా. నా తప్పేంటో ఇప్పటికీ తెలియట్లేదు. ఒక్కసారి చెప్తారా? మళ్ళీ చెయ్యకుండా ఉంటా."

ఎవరన్నా చెంప మీద కొట్టినా అంత తగలదేమో. వెళ్ళి పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. "నీ తప్పు ఏమీ లేదు. ఫైలు మీద ప్రింటింగ్ అని రాసుంటే అది ప్రింటింగుకి మాత్రమే అనుకోవడం న్యాయం. ఆ బోర్డు నేను పెట్టాను. అబద్ధపు బోర్డు" అన్నాను. తను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పొద్దున చెప్పుంటే బాగుండేదన్నా" అంది. అంతే అంది. మర్నాడు అందరికీ మెయిల్ రాశాను, ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో. మేనేజర్ గారిని విడిగా కలిసి ప్రొబేషన్ రిపోర్టులో ఈ సంగతి ఆమె మీద పడకుండా చూడమని అడిగాను. చూస్తానన్నారు.

ఆ రాత్రి నాకు మా తాతగారి ఊరు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడే తాతగారూ, ఆయన తమ్ముడూ వాటాలు పంచుకుని పెరటి మధ్యలో గోడ కట్టుకున్నారు. నుయ్యి మాత్రం సరిగ్గా గోడ కిందకొచ్చింది. సగం అటు, సగం ఇటు. ఒక వేసవిలో చిన్న తాతగారు తన వైపు నీళ్ళు వాసనొస్తున్నాయని బ్లీచింగ్ పౌడరు వేశారు. ఎవరికీ చెప్పలేదు, తన నుయ్యి తను బాగుచేసుకున్నారు, చెప్పాల్సిన పనేముంది? ఆ రోజు మా ఇంట్లో వండిన అన్నం ఎవరూ తినలేకపోయారు. గోడ చూసి రెండిళ్ళనుకున్నాం. కింద నీళ్ళకి గోడ తెలియదు.

క్లాసులో ఆ నుయ్యి పేరు 'దిస్'. ప్రతి మెథడూ అందులోంచే తోడుకుంటుంది, అందులోనే పోస్తుంది. ఫైళ్ళు ఎన్ని చేసినా దిస్ ఒకటే అయితే అది ఒకటే ఇల్లు. పైగా ఇదివరకు నాలుగు వేల లైన్ల ఫైలుని చూస్తే భయమన్నా ఉండేది, జాగ్రత్తగా ముట్టుకునేవాళ్ళం. నేను ఆ భయాన్ని తీసేశాను, ప్రమాదాన్ని అలాగే ఉంచాను.

తర్వాత ఏం చేశానంటారా? ఈసారి కీబోర్డు ముట్టుకోలేదు. ఒక రూళ్ళ నోటు పుస్తకం తీసుకుని నిలువుగా మెథడ్స్ పేర్లు, అడ్డంగా దిస్‌లో ఉన్న ఫీల్డుల పేర్లు రాశాను. ఏ మెథడ్ ఏ ఫీల్డుని ముడుతుందో అక్కడ చుక్క పెట్టుకుంటూ పోయాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ అమ్మాయే పక్కన కూర్చుని చదివి పెట్టింది, నేను చుక్కలు పెట్టాను. పూర్తయ్యాక కాగితం తనంతట తనే మాట్లాడింది.

ఇరవై దాకా మెథడ్స్‌కి ఒక్క చుక్క కూడా లేదు. అంటే అవి దిస్‌ని అసలు ముట్టుకోవు. మరి క్లాసులో ఎందుకున్నాయి? ఊరికే. వాటిని మామూలు ఫంక్షన్లు చేసి, వేరే ఫైల్లో పెట్టి, కావలసినవాళ్ళు పేరుపెట్టి ఇంపోర్ట్ చేసుకునేలా మార్చాం. మన రౌండు గారు అందులోవారే. ఆయన్ని ఇద్దర్ని చేశాం, 'పైసలకి రౌండ్', 'రూపాయలకి రౌండ్' అని. ఇంపోర్టుల్లో ఒకే పేరు రెండుసార్లు వస్తే జావాస్క్రిప్టే ఒప్పుకోదు, ఫైలు లోడే అవ్వదు. నాకు కావలసిన కాపలా భాషలో ముందునుంచీ ఉంది, నేనే దాని పక్కనుంచి గోడ దూకాను.

డిస్కౌంట్ మెథడ్స్ చుక్కలన్నీ మూడే ఫీల్డుల దగ్గర గుంపుగా పడ్డాయి. ఆ మూడింటినీ వేరేవాళ్ళు దాదాపుగా ముట్టుకోవట్లేదు. అదీ అసలు వేరు కాపురం. దాన్ని సొంత క్లాసు చేశాం, సొంత దిస్‌తో, హాష్ పెట్టిన సొంత ప్రైవేట్ ఫీల్డులతో. బిల్లు దాన్ని ఒక ఫీల్డుగా ఉంచుకుని అడుగుతుంది తప్ప లోపల చెయ్యి పెట్టదు. ప్రింటింగుకైతే బిల్లుని చదవడమే పని, మార్చేదేమీ లేదు. అది బిల్లుని ఆర్గ్యుమెంటుగా తీసుకునే ఫంక్షన్లుగా బయటికొచ్చేసింది.

మిగిలింది పదకొండొందల లైన్లు. చుక్కలన్నీ కలగాపులగంగా ఉన్నాయి, ఎక్కడ కోసినా రక్తం వస్తుంది. దాన్ని ఒకే ఫైల్లో అలాగే ఉంచేశాం. పొడుగ్గా ఉంటే ఉంది. అబద్ధపు గోడల కంటే పొడుగాటి వరండా నయం.

ఇదేదో నేను కనిపెట్టానని అనుకునేరు! డేవిడ్ పార్నస్ అనే ఆయన 1972లోనే ఒక పేపరు రాశారు. ప్రోగ్రాముని పని జరిగే వరసలో ముక్కలు చెయ్యకండి, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో దాచండి అన్నది దాని సారం. నేను మొదట చేసింది సరిగ్గా ఆయన వద్దన్నది. బిల్లు ఏ వరసలో నడుస్తుందో ఆ వరసలో కోశాను: డిస్కౌంటు, చెల్లింపు, వాపసు, ప్రింటు. ఎలా రౌండ్ చెయ్యాలన్న నిర్ణయం మాత్రం రెండు చోట్ల పడుంది.

మరి అసైన్ పద్ధతి ఎప్పుడూ వాడకూడదా అంటే, అలా అనను. ఒకే చిన్న నైపుణ్యాన్ని సంబంధం లేని నాలుగు క్లాసులకి తగిలించాలంటే బాగానే పనికొస్తుంది. కానీ నేరుగా అసైన్ వాడకండి. నాలుగు లైన్ల సొంత ఫంక్షన్ రాసుకోండి. కాపీ చేసే ముందు ఆ పేరు అక్కడ ముందే ఉందా అని చూడాలి, ఉంటే ఎర్రర్ విసిరేయాలి. గెట్టర్లు కూడా చెడకుండా రావాలంటే విలువని కాకుండా ప్రాపర్టీ డిస్క్రిప్టర్‌ని కాపీ చెయ్యాలి. మాకు ఆ నాలుగు లైన్లు ఉండుంటే మా బగ్గు నేను సర్దిన శనివారమే, నా ల్యాప్‌టాప్ మీదే చచ్చిపోయేది.

ఈ రోజుల్లో ఏఐకి చెప్తే క్షణాల్లో క్లాసుని ముక్కలు చేసి ఫోల్డర్లో సర్ది చేతికిస్తుంది. నేను శనివారమంతా చేసిన పని! అందుకే ఇంకా భయం. గోడ కట్టడం తేలికయ్యేకొద్దీ, కింద నుయ్యుందేమో చూసే ఓపిక తగ్గిపోతుంది.

సరే, మా కుర్రాడి దగ్గరకొద్దాం. పై కథంతా చెప్పి, "ముందు చుక్కలు పెట్టుకుని రా" అన్నాను. నా మొహం అదోలా చూసి వెళ్ళాడు. ఫైళ్ళు విడదీయమంటే నోటు పుస్తకం కొనుక్కోమంటాడేంటి ఈయన అనుకుని ఉంటాడు. నిన్న సాయంత్రం ఒక కాగితం పట్టుకొచ్చాడు. "అన్నా, పదకొండు మెథడ్స్‌కి చుక్కే లేదు. తీసెయ్యనా?" అన్నాడు.

"తీసెయ్. రివ్యూకి నాకే పంపు. ఏదన్నా తేడా వస్తే కాల్‌లో ముందు నేను మాట్లాడతా" అన్నాను.

ఈ చివరి ముక్క ఎందుకన్నానో వాడికి పూర్తిగా అర్థమైందో లేదో. నాకు మాత్రం ఆ మాట అనడానికి మూడేళ్ళు పట్టింది.